సైలేజ్‌కి (గాలి తగలకుండా పులియబెట్టి నిలవ చేసే పశువుల పచ్చిమేతకి) మొక్కజొన్న ఎప్పుడు కోయాలి?

మొత్తం మొక్కలో తేమ 65–70 శాతం మధ్యకు దిగినప్పుడు, అంటే చేను ఇంకా చాలావరకు పచ్చగా ఉండగానే కోయాలి. గాలి తగలని చోట బ్యాక్టీరియా మేతలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారిస్తేనే సైలేజ్ నిలవ ఉంటుంది. తేమ ఎక్కువైతే పోషకాలతో సహా రసం కారిపోయి కుళ్లు వాసన వస్తుంది, మరీ ఎండితే తరిగిన మేతను ట్రాక్టర్‌తో ఎంత తొక్కించినా ముక్కల మధ్య గాలి మిగిలి బూజు పడుతుంది. అదను వచ్చిందో లేదో తెలియాలంటే, కండెను మధ్యకి విరిచి గింజ చూడండి: పైన గట్టిపడిన పసుపు భాగం, కింద పాలు, ఆ రెంటి మధ్య గీత సగానికి దిగిందంటే దాదాపు అదను వచ్చినట్టే (రకాన్ని బట్టి తేడా ఉంటుంది, తేమ కొలిస్తే ఇంకా మంచిది). గింజల పంటకి ఆగినట్టు ఆకులు ఎండేదాకా ఆగాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అప్పటికి గట్టిపడ్డ గింజ కోతలో నలగకపోతే, అరగకుండా పేడలోనే కనిపిస్తుంది.