సమాధానం: ప్రాజెక్టు అంశాన్ని కుదించుకోండి

నమస్కారం. వృక్షశాస్త్రం చదివి వచ్చిన మీరు సహజ వనరుల నిర్వహణ, విధానాల కోర్సులో "కృష్ణా జలాల నిర్వహణ" అనే అంశం ఎంచుకోగా, అది మరీ విస్తారంగా ఉందని మీ గైడు తిప్పి పంపారని రాశారు. ఆయన అభ్యంతరం సబబే.

కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు కేటాయించింది. ఆ నీరు ప్రకాశం బ్యారేజీ దగ్గర పడమటి కాలువలోకి మళ్లాక ఏ పొలానికి ముందు చేరుతుంది, ఏ పొలం ఎండుతుంది అన్నదే విధానపరమైన ప్రశ్న. అందువల్ల గుంటూరు నుంచి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన ఒక్క పంట కాలువను తీసుకొని, రైతులకే సాగునీటి నిర్వహణ అప్పగించిన 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘం అక్కడ నీటి వంతులను ఎలా నిర్ణయిస్తోందో, ఆ వంతు తప్పినప్పుడు ఎవరు ఎవరిని అడుగుతున్నారో పరిశీలించండి. తూము దగ్గర గేజి పలక మీద నీటిమట్టాన్ని రోజూ రాసుకోండి. కాలువ చివరి భూముల్లో మురుగు కాలువ నుంచి ఇంజనుతో నీరు తోడుకునే రైతును డీజిల్ ఖర్చు అడిగితే, నివేదికల్లో కనిపించని లెక్క తేలుతుంది.

అర్థశాస్త్రం రాదన్న బెంగ అక్కరలేదు. ఉమ్మడి వనరులను వాడుకునేవారే నియమాలు ఏర్పరచుకోగలరని చూపి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రం కూడా మొదట రాజనీతిశాస్త్రవేత్తే. అయితే కాలువ కింద ఏ భూములు సాగవుతాయో చూపే ఆయకట్టు రిజిస్టరు చదవడం మాత్రం ముందే నేర్చుకోండి. ప్రశ్నావళి తయారయ్యాక ఇక్కడే పెడితే చూస్తాను.