నైట్ డ్యూటీ చేస్తున్న మేనకోడలికి

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన రెండు కవితలూ, వాటి కింద రాసిన ప్రశ్నా చదివాను. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషికి కవిత్వం వల్ల ఒరిగేదేమిటని అడిగావు. ఓడరేవులో ముప్పై నాలుగేళ్లు టాలీ క్లర్కుగా పనిచేసిన నేను కూడా ఆ ప్రశ్న ఎన్నోసార్లు వేసుకున్నవాణ్ణే కనుక, నాకు అనుభవంలోకి వచ్చినంతవరకు జవాబు రాస్తున్నాను.

మొట్టమొదట, నచ్చినదాన్ని కంఠస్థం చెయ్యి. మనలాంటి వాళ్లకు పుస్తకం పట్టుకునే తీరిక తక్కువ. చేతులు ఖాళీ లేనప్పుడే, అంటే నువ్వు సెలైన్ సీసా మారుస్తున్నప్పుడో, తెల్లవారుజామున బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడో, మనసుకు ఆసరా ఎక్కువగా కావలసి వస్తుంది. ఓడ నుంచి దిగే బస్తాలను లెక్కపెట్టేటప్పుడు మేము నాలుగు నిలువు గీతలు గీసి, ఐదో దానికి వాటి మీదుగా ఒక అడ్డగీత గీసేవాళ్లం. వేమన పద్యాల ఛందస్సు ఆటవెలదిలోనూ పాదానికి ఐదు గణాలే, అంటే ఐదు అక్షరాల గుంపులే: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలూ రెండు ఇంద్రగణాలూ, రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ఆ పొందిక ఒక రాత్రి స్ఫురించిన దగ్గర నుంచి, క్రేను దించే బస్తాల కట్ట, మా మాటలో స్లింగు, ఒకటి దిగి మరొకటి వచ్చేలోగా దొరికే రెండు మూడు నిమిషాల్లో, బడిలో అప్పజెప్పిన వేమన పద్యాలను పెదవి కదపకుండా చదువుకునేవాణ్ణి. నిద్ర ఆగేది, అంతకంటే ముఖ్యంగా, ఆ కాసేపు నేను బస్తాలు లెక్కపెట్టే మనిషిని మాత్రమే కాననిపించేది.

కంఠస్థం ఎందుకని ఇంకా సందేహముంటే హుద్‌హుద్ తుపాను సంగతి గుర్తు తెచ్చుకో. 2014 అక్టోబరు 12, ఆదివారం. పడమటి గది కిటికీ ఊడిపోయి, ట్రంకుపెట్టెలో దాచుకున్న నా నోటుపుస్తకాలన్నీ నానిపోయాయి. మర్నాడు వాటిని విప్పితే పేజీ నిండా నీలం మరకలే తప్ప ఒక్క అక్షరమూ నిలవలేదు. కరెంటు లేని ఆ రాత్రుల్లో మీ అత్తయ్యకు నేను వినిపించగలిగినవి నోటికి వచ్చిన పద్యాలే. నేను మరిచిపోయిన పాదాన్ని ఆమె అందించేది. పోయిన పుస్తకాల కోసం నేను ఆమె అనుకున్నంతగా బాధపడలేదు.

ఇక రాయడం. నీ మొదటి కవితలో ‘కన్నీటి సంద్రం’ అన్నావు. మన ఊళ్లో సముద్రం ఎదురుగా ఉండగా ఆ మాట వాడాలంటే చాలా ధైర్యం కావాలి, దాన్ని తీసెయ్యి. రెండో కవితలో, డిశ్చార్జి అయిన పెద్దాయన వెళ్లే ముందు దుప్పటిని నాలుగు మడతలు పెట్టి దిండు మీద ఉంచాడని రాశావు. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డ్యూటీ దిగాక చూసినదాన్ని చూసినట్టుగా రోజుకు నాలుగు పంక్తులు రాయి, అంతకు మించి వద్దు. ‘బాధ’, ‘ఒంటరితనం’ అనే మాటలు రాకుండా జాగ్రత్తపడితే, వాటి చోట ఏం జరిగిందో నువ్వే వెతుక్కోవలసి వస్తుంది.

మీ అత్తయ్య పోయాక మూడు నెలలు నేను ఏమీ చదవలేకపోయాను. అలాంటి రోజులు నీకూ వస్తాయి, అప్పుడు బలవంతాన పుస్తకం తెరవకు. ఒక సాయంత్రం చారుకు పోపు పెడుతూ చూసినదాన్ని కాగితం మీద పెట్టాను:

పోపులపెట్టెలో ఆవాలు
రెండుసార్లు నింపాను;
మెంతులు మాత్రం
నువ్వు పోసినవే ఉన్నాయి.

దుఃఖం తగ్గిందని చెప్పను. అంతవరకు ఇల్లంతా పరుచుకుని ఉన్నది, ఆ నాలుగు పంక్తులు రాశాక, ఒక చిన్న గిన్నె దగ్గర కూర్చుంది. ఆ రాత్రి నిద్రపట్టింది.

అచ్చు కోసం తొందరపడకు. 1910లో మన విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గేయాల్లో చాలా వాటిని 1930లలోనే రాసినా, అవి పుస్తకంగా వచ్చింది 1950లో. నీ కవితను నెల రోజులు డ్రాయరులో ఉంచి, ఆ తరువాత తలుపు వేసుకుని పైకి చదువు. నాలుక ఎక్కడ తట్టుకుంటే అక్కడ మాట మార్చాలి. చదవడానికి కొత్తవి కావాలంటే ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లు, అయితే ఒక్కసారికి ఒక్క కవినే చదువు.

వచ్చే వారం నీకు ఆఫ్ ఎప్పుడో ఫోన్ చేసి చెప్పు. బీచ్ రోడ్డులో ఎండ ఎక్కకముందే నడుద్దాం. దుప్పటి కవితను కాగితం చూడకుండా వినిపించాలి, ఎక్కడైనా పంక్తి మరిచిపోతే నేను అందిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య