‘బీపీఏ లేని’ డబ్బాలు కొంటే సరిపోతుందా?

ప్లాస్టిక్ డబ్బాలన్నీ మార్చి ‘బీపీఏ లేనివి’ (గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం లేనివి) కొన్నా హార్మోన్లను దెబ్బతీసే రసాయనాల భయం పోలేదనీ, ఇంకేం మార్చాలనీ మీరు అడిగారు. మీ అనుమానం సరైనదే. బీపీఏకు బదులుగా వాడే బీపీఎస్ కూడా ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను అనుకరిస్తుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది కనుక, ఆ ముద్రను చూసి నిశ్చింతగా ఉండలేము. డబ్బా ఏ రకమన్న దానికంటే అందులో ఏం పెడుతున్నారు, ఎంత వేడిగా పెడుతున్నారు అన్నదే ముఖ్యం. వేడి, నూనె తోడైనప్పుడు ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఆహారంలోకి ఎక్కువగా దిగుతాయి. కాబట్టి వేడి పదార్థాలకు గాజు లేదా స్టీలు పాత్రలు, మైక్రోవేవ్‌కు మాత్రం దానికి తగిన గాజు పాత్రలు వాడండి. పొడి సరుకులున్న పాత డబ్బాలను ఇప్పుడే పారేయనక్కర్లేదు.

నా దృష్టిలో చాలామంది పట్టించుకోనిది సువాసన. సబ్బులు, లోషన్లు, రూమ్ ఫ్రెషనర్ల లేబుల్ మీద ‘ఫ్రాగ్రెన్స్’ అన్న ఒక్క మాట చాటున థాలేట్లు (సువాసన నిలవడానికి, ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే రసాయనాలు) ఉండవచ్చు. వాసన కలపని రకాలను ఎంచుకోండి. థాలేట్లు ఇంటి దుమ్ములోనూ చేరతాయి కనుక, ముఖ్యంగా పాకే పిల్లలున్న ఇంట్లో, నేలను తడిగుడ్డతో తుడవడం మేలు. దుకాణాల్లో ఇచ్చే థర్మల్ రసీదుల (వేడితో అక్షరాలు పడే నున్నని కాగితాల) పూతలో బీపీఏ లేదా బీపీఎస్ ఉండవచ్చు కనుక, వాటిని అనవసరంగా చేత పట్టుకోకండి.

బీపీఏ, థాలేట్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ద్వారా బయటకు పోతాయి కాబట్టి, వీటి కోసమని ‘డిటాక్స్’ పొడులు కొనవలసిన పని లేదు.