వంతెన పేజీలు తిరిగి పంపడం లేదు

అమ్మాయ్,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి కోపం వచ్చింది. అది చల్లారకముందే రాస్తున్నాను.

మీ మేనమామ ఐక్యరాజ్యసమితి పోలీసుగా కొసోవోలో పని చేశారనీ, ఆయన చెప్పిన సంగతులతోనే ఇది రాశాననీ అన్నావు. 2000 అక్టోబర్ 28, మునిసిపల్ ఎన్నికల రోజు. సెర్బియాలో భాగమైన ఆ నేల మీద అల్బేనియన్లకూ సెర్బు సేనలకూ మధ్య జరిగిన యుద్ధం ఆగి అప్పటికి పదహారు నెలలు. మిత్రోవిత్సా పట్నంలో ఇబార్ నదికి దక్షిణాన అల్బేనియన్ల క్యూలు, ఉత్తరాన మూసిన తలుపులు. అంతవరకు బాగా నడిపావు. ఆ తర్వాత ఉత్తరపు గట్టు మీది సెర్బు ఆవిడ చేత చాటుగా ఓటు వేయించావు. చీకటి పడ్డాక ఆవిడనూ అల్బేనియన్ ఆవిడనూ వంతెన మీదకు తెచ్చి కౌగిలించుకునేలా చేశావు.

ఆవిడ ఎలా ఓటేసిందమ్మా? లిస్టులో పేరుండాలి కదా! ఆ ఏడాది, యుద్ధం తర్వాత కొసోవోను నడుపుతున్న ఐక్యరాజ్యసమితి యంత్రాంగం, ఐరోపా భద్రతా సహకార సంస్థ (ఓఎస్‌సీఈ) కలిసి జనాన్ని నమోదు చేస్తుంటే సెర్బులు దాదాపుగా ఎవరూ వెళ్లలేదు. వెళ్తే తమ నేల సెర్బియా నుంచి విడిపోయిందని ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ల భయం. అప్పటికే లక్షకు పైగా సెర్బులు, రోమా జాతివాళ్లు ఇళ్లొదిలి పారిపోయారు. మిగిలినవాళ్లు నాటో సైనికుల కాపలా లేకుండా పక్క ఊరికి కూడా వెళ్లలేని స్థితి. ఇక ఆ వంతెన! ఒక పక్క ఫ్రెంచి సైనికులు, ఉత్తరం చివర ఎవరు దాటుతున్నారా అని కాపు కాసే కుర్రాళ్లు. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కౌగిలించుకున్నారంటే మీ మేనమామ కూడా నమ్మరు. ఆయనకు చదివి వినిపించావా?

నేను ఎప్పటినుంచో చెబుతున్న మాట ఒకటే. ఎన్నికల మీద కథ రాసేవాళ్లు ముందు ఓటర్ల లిస్టు తియ్యాలి. ఎవరి పేరుంది, ఎవరిది లేదు, ఎవరు కొట్టేశారు, ఎవరు కావాలని రాయించుకోలేదు. కథ అక్కడ దొరక్కపోతే ఇంకెక్కడా దొరకదు.

నీ సెర్బు ఆవిడనే చూడు. ఐదు వారాల ముందు, సెప్టెంబర్ 24న, సెర్బియా అప్పట్లో భాగంగా ఉన్న యుగోస్లావియా ఎన్నికలు జరిగాయి. కొసోవోలో సెర్బులున్న చోట్ల కూడా పోలింగ్ పెట్టారు. ఐక్యరాజ్యసమితి వాటిని గుర్తించలేదు, ఆపనూ లేదు. అంటే ఆవిడ సెప్టెంబర్లో ఓటేసి ఉండొచ్చు. అక్టోబర్ 5న బెల్‌గ్రేడ్‌లో జనం వీధుల్లోకి వచ్చి యుగోస్లావియా అధ్యక్షుడు మిలోసెవిచ్‌ను దించేసిన వార్త ఇంట్లో కూర్చుని వినుంటుంది. మూడు వారాలకి నది అవతల ఇంకో ఎన్నిక. ఒకే వంటింట్లోంచి ఆవిడ రెండు ఎన్నికలు చూసింది. ఒక లిస్టులో పేరుంది, ఇంకోదాంట్లో లేదు. ఇంత పెద్ద విషయం చేతిలో పెట్టుకుని కౌగిలింత రాశావు! మన సాలూరు పైన, రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా కొండ ఊళ్లలో ఆంధ్ర కార్డూ ఒడిశా కార్డూ రెండూ దాచుకున్నవాళ్లున్నారు. వాళ్లనడిగినా చెప్పేవారు, లిస్టంటే ఏమిటో.

నేను టీచరుగా ఉన్నప్పుడు ఒకసారి పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడింది. మధ్యాహ్నం ఒక ముసలామె వచ్చింది. లిస్టులో ఆమె పేరు మీద గీత కొట్టి ఉంది, చనిపోయిందని. కొంగు ముడి విప్పి, నాలుగు మడతల రేషన్ కార్డు తీసి బల్ల మీద చదును చేసింది. "బతికే ఉన్నాను గదా బాబూ, పట్టుకుని చూడు" అని చెయ్యి చాపింది. ఏజెంట్లిద్దరూ ఆ ఊరివాళ్లే, ఆమెను ఎరిగినవాళ్లే. ఇద్దరూ తలొంచుకున్నారు. నేను రూలు చెప్పి పంపేశాను. ఆమె ఇంటికి వెళ్లలేదు. పెట్టెలకు సీలు వేసేదాకా బడి బయట వేపచెట్టు కింద ఆ కార్డు పట్టుకునే కూర్చుంది.

అది కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, చివర్లో ఆమెకు ఓటు ఇప్పించండి, పాఠకులు బాధపడతారు అని ఎడిటర్ గారు ఉత్తరం రాశారు. అప్పటికి నావి ఎనిమిది కథలు తిరిగొచ్చాయి. ఇప్పించాను. అచ్చయింది. ఇన్నేళ్లలో ఏ సంపుటిలోనూ దాన్ని చేర్చలేకపోయాను. కథల పోటీల వాళ్లకీ ఇదే జబ్బు. ఆశ కనిపించాలట! నీ వంతెన నాకు ఆ ఉత్తరంలా కనిపించింది, అందుకే ఇంత కోపం.

ఇంకొకటి. నీ క్యూ నిండా తుపాకీ పట్టిన వీరుల జెండాలే. ఆ రోజు జనం ఓటేసింది ఎక్కువగా వాళ్లకు కాదు. పదేళ్లు శాంతి మాట తప్పని రుగోవా పార్టీకి 58 శాతం, గెరిల్లా నాయకుడు థాచి పార్టీకి 27. అలాగే, ఉత్తరాన మూడు మునిసిపాలిటీల ఫలితాలను కొసోవోలోని ఐక్యరాజ్యసమితి యంత్రాంగం అధిపతి కుష్నేర్ ధ్రువీకరించలేదు. సెర్బు సభ్యులను ఆయనే నియమించారు. ఒక్క ఓటూ పడకుండా కౌన్సిల్‌లో కూర్చోవాల్సిన మనిషి ఆ రాత్రి ఇంట్లో ఏం చెప్పుకున్నాడో, అదీ ఎవరో రాయాలి.

నాలుగో పేజీలో ఆ ముసలాయన ఉన్నాడు చూడు. క్యూలో నిలబడి మాటిమాటికీ జేబు తడుముకుంటాడు. 1999 వసంతంలో సరిహద్దు దాటించేటప్పుడు సెర్బు సైనికులు ఆయన కాగితాలన్నీ లాక్కున్నారని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. అలా ఎంతమందివి లాక్కున్నారో! బండ్ల నంబరు ప్లేట్లు కూడా పీకేశారు, ఈ మనుషులు ఎక్కడివాళ్లో తేలకుండా ఉండాలని. అలాంటి మనిషికి కొత్త కార్డు చేతికొచ్చింది, లిస్టులో పేరు పడింది. ఆ జేబు తడుముకోవడం దగ్గర నేను కాగితాలు పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. అది నువ్వు నిజంగా చూసి రాసిన వాక్యం.

ఏ పత్రికకు పంపాలి, ఉత్తమ పురుషలో రాయాలా అని అడిగావు. అవి తర్వాత.

ఆయన వంతు వచ్చేదాకా ఆయన వెనకే నిలబడు. లిస్టులో ఆయన పేరు వెతికే పిల్ల ఎవరు, వేలు ఎక్కడ ఆగింది, పేరు పైకి చదివినప్పుడు ఆయన ముఖం ఎలా మారింది, అది రాసి పంపు. వంతెన మీది మూడు పేజీలు నా దగ్గరే ఉంచుకున్నాను, తిరిగి పంపడం లేదు. మిగతావి ఈ కవర్లోనే ఉన్నాయి.

ఆశీస్సులతో,
మాష్టారు