దగ్గరివాళ్ల మీదే ఎందుకీ కడుపుమంట?

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ కలిసి చదువుకున్నాం, ఒకేసారి ఉద్యోగాల్లో చేరాం. మొన్న వాడికి పెద్ద ప్రమోషన్ వచ్చింది. ఫోన్ చేసి చెబితే కంగ్రాట్స్ అన్నాను కానీ లోపల ఒకటే మంట. వాడు నాకే అపకారమూ చేయలేదు. నేనింత కుళ్లుబోతునా?

జవాబు: కాదండీ. ఎక్కడో ఉన్న కోటీశ్వరుడు ఇంకో విమానం కొన్నాడని పేపర్లో చదివితే మీకేమీ అనిపించదు, పేజీ తిప్పేస్తారు. అదే పక్క సీట్లో వాడి జీతం కాస్త పెరిగిందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. మనిషి తనని తాను కొలుచుకునేది తనలాంటివాళ్లతోనే అని లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1954లోనే రాశాడు. అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందే అరిస్టాటిల్ కూడా వయసులోనూ పేరులోనూ మనకు దగ్గరగా ఉన్నవాళ్లని చూసే అసూయపడతామన్నాడు. కాబట్టి ఆ మంట పుట్టడంలో మీ తప్పేమీ లేదు.

పుట్టాక ఏం చేస్తారన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలోనే ఉంది. ఫోన్ పెట్టేసి ఇంకో ఫ్రెండ్‌తో ‘వాడికేంట్రా, పైవాళ్ల అండ ఉంది’ అన్నారనుకోండి, తప్పు అక్కడ మొదలవుతుంది. ఒకసారి అన్నాక ఆ మాట నిలబెట్టుకోవడానికి వాడిలో లోపాలు వెతుకుతూనే ఉంటాం, ఇలా పాడైపోయిన స్నేహాలు చాలా చూశాను, చాలా బాధనిపిస్తుంది. మళ్లీ ఫోన్ చేయండి. ఈసారి కంగ్రాట్స్‌తో సరిపెట్టకుండా కొత్త పనేంటి, బాస్ ఎలాంటివాడు, టెన్షన్‌గా ఉందా అని అడగండి. వాడు పడుతున్న తిప్పలు వింటుంటే మీకు తెలిసిన పాత స్నేహితుడే మళ్లీ కనబడతాడు. ఆ పోస్టు మీకూ కావాలనిపిస్తే ఎలా సంపాదించాడో వాడినే అడగండి, మొహమాటం దేనికి?

ప్రశ్న: నలుగురిలో ఒక పిచ్చి మాట అనేశాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అందరూ ఏమనుకుని ఉంటారో!

జవాబు: చాలామంది ఏమీ అనుకుని ఉండరు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ అనే సైకాలజిస్టు బృందం ఒక ప్రయోగం చేసి, 2000లో ఫలితాలు ప్రచురించింది. విద్యార్థులకి, వేసుకోవాలంటేనే సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, ఒక్కొక్కరినీ నలుగురున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మని గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు, నిజానికి చూసింది నాలుగో వంతు మందే. అయితే మీ మాట ఎవరినైనా నొప్పించి ఉంటే అది వేరే సంగతి, వాళ్లు మరిచిపోరు. వాళ్ల దగ్గరికెళ్లి ‘ఆ రోజు నేనలా అనాల్సింది కాదు’ అనండి, సంజాయిషీలు మాత్రం చెప్పకండి.

ప్రశ్న: ఎవరేమడిగినా కాదనలేక అందరికీ అలుసైపోతున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఈసారి ఎవరైనా పని చెబితే వెంటనే సరే అనకుండా ‘చూసి రేపు చెబుతాను’ అనండి. నిజంగా అవసరమున్నవాళ్లు రేపు మళ్లీ అడుగుతారు.