కాళ్లు అందని పెద్ద సైకిల్ మీద పిల్లలు బడికి ఎలా వెళ్లేవారు?

అడ్డతొక్కుడు తొక్కుకుంటూ. దొంగతొక్కుడు అనీ, కైంచీ అనీ కూడా అంటారు. దొంగతొక్కుడన్న పేరు నాకు నచ్చదు, అందులో దొంగతనం ఏముంది? సీటెక్కి తొక్కడం కన్నా అదే కష్టం.

ఇంట్లో ఉండేది నాన్న సైకిల్ ఒక్కటే. 28 అంగుళాల చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము. ఐదో క్లాసు పిల్లాడికి సీటు గుండెల దాకా వస్తుంది. అందుకని ఎడమ పాదం ఎడమ పెడలు మీద పెట్టి, కుడికాలితో నేలను నాలుగైదు సార్లు తన్నాలి. బండి సాగాక కుడికాలిని, సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే దండె కింద నుంచి దూర్చి అవతలి పెడలు మీద వేయాలి. ఎడమచెయ్యి హ్యాండిల్ మీద, కుడిచెయ్యి దండె మీద. మొదట్లో చుట్టు పూర్తిగా తిరగదు, మోకాలు దండెకు కొట్టుకుంటుంది. సగం తొక్కి, వెనక్కి తెచ్చి, మళ్లీ సగం తొక్కాలి. ఫ్రీవీలు కటకటలాడుతుంటే ఎవరు వస్తున్నారో చూడకుండానే తెలిసిపోతుంది.

మనిషి బరువంతా ఎడమవైపు వేలాడుతుంది కాబట్టి సైకిల్ కుడికి వాలాలి. వాలితే హ్యాండిల్ కూడా కుడికే, అంటే రోడ్డు మధ్యకే లాగుతుంది. వెనక బస్సు హారన్ కొట్టినప్పుడు పిల్లలు కంగారుపడేది ఇందుకే. చెరువుకట్ట దిగేటప్పుడు ఇంకా కష్టం. కుడిచెయ్యి దండె మీద ఉంటుంది, ఆ వైపు బ్రేకు అందదు. వానలో రిమ్ము తడిస్తే ఎడమ బ్రేకు కూడా జారుతుంది. కట్ట మీదే దిగి నడిపించుకెళ్లడం మంచిది.

కుడి పిక్కకు చైను నల్లగా అంటుకుంటుంది. పంట్లాం అంచు చైనులో ఇరుక్కుంటే లాగకండి, చిరుగుతుంది. పెడలును మెల్లగా వెనక్కి తిప్పితే అదే బయటికొస్తుంది. చైను ఊడితే మొదట వెనక పళ్లచక్రానికి తగిలించి, తర్వాత పెడళ్ల దగ్గరి పళ్లచక్రం కింది పళ్లకు ఎక్కించి, పెడలు వెనక్కి తిప్పాలి. సంచిని క్యారేజీకి పాత ట్యూబు ముక్కతో బిగించాలి. అన్నం గిన్నె హ్యాండిల్‌కు తగిలిస్తే ఊగి పుల్లల్లో పడుతుంది.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. విద్యాహక్కు చట్టం కింద నిబంధనలు ఐదో తరగతి వరకు కిలోమీటరులోపు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలంటాయి. ఆ చట్టం 14 ఏళ్లతో ఆగిపోతుంది. తొమ్మిది, పది చదివే ఆడపిల్ల ఇంకా దూరం వెళ్లాలి. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చే పథకం మొదలుపెట్టారు, ఆంధ్రలో బడికొస్తా అనే అలాంటి పథకమే వచ్చింది. ఇచ్చేటప్పుడు ఆ పిల్ల ఎత్తుకు సరిపోయేది, దండె లేనిది ఇవ్వాలి. పంపు, పంక్చర్ సామాను కూడా ఇవ్వాలి. టైరులో గాలి లేక సైకిల్ గోడకు చేరితే ఆ పిల్ల మళ్లీ నడకే.