డోలు బిళ్ళ, మేడ బిళ్ళ, గంట బిళ్ళ

ప్రశ్న: మా మేనమామ 1977లో అమెరికా నుంచి వచ్చినప్పుడు అమ్మ చేతిలో మూడు బిళ్ళలు పెట్టాడు. ఒకదాని మీద డోలు వాయించేవాడు, ఇంకోదాని మీద మేడ, పెద్దదాని మీద గంట, దాని వెనక చందమామ. మూడింటి మీదా 1776–1976 అని ఉంది. వెండివేనని అమ్మ ప్లాస్టిక్ కవరులో చుట్టి ట్రంకుపెట్టెలో దాచింది. లక్షలు పలుకుతాయని మా అబ్బాయి అంటున్నాడు. నల్లబడ్డాయి కదా, చింతపండుతో తోమి అమ్మమంటారా?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: చింతపండు పులుసులోకి ఉంచుకోండమ్మా. నా దగ్గర 1926 నాటి అర డాలరు ఒకటుంది, అమెరికా స్వాతంత్ర్యానికి 150 ఏళ్ళయినప్పుడు వేసింది. వాషింగ్టన్ పక్కన అప్పటి అధ్యక్షుడు కూలిడ్జ్ ఉంటాడు. బతికున్న అధ్యక్షుడి బొమ్మ అమెరికా నాణెం మీదికి ఎక్కడం అదే మొదలు. పది లక్షలకు పైగా కొట్టి, అమ్ముడుపోక 8,59,408 మళ్ళీ కరిగించేశారు. బొమ్మ అసలే పైపైన అచ్చయింది. అలాంటిదాన్ని భోగికి ముందురోజు ఇత్తడి బిందెలతో పాటు పెరట్లో పెట్టుకుని, చింతపండూ విభూతీ వేసి తళతళలాడేలా తోమాను! తర్వాత కొన్న ధరలో సగానికి కూడా ఎవరూ అడగలేదు. ఇప్పటికీ దాన్ని చూస్తే నా చేతుల మీద నాకే కోపం.

మీవి 200 ఏళ్ళ పండగవి. మేడంటే ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాలు, గంట లిబర్టీ బెల్. మొదట బిళ్ళల అంచు చూడండి. రాగి రంగు గీత స్పష్టంగా కనిపిస్తే అవి జనం చేతుల్లో తిరగడానికి వేసిన మామూలువి. డోలు బిళ్ళ ఒక్కటే 160 కోట్లకు పైగా కొట్టారు, ఇక లక్షలెక్కడివి? 40 శాతం వెండి కలిపినవి సేకరించేవాళ్ళ కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే వేశారు, వాటి మీద ‘ఎస్’ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం ఉన్నంత మాత్రాన వెండిదని మురిసిపోకండి, వెండి లేని సెట్లలోనూ అది ఉంది. గంట బిళ్ళను బంగారం కొట్టులో కాటా మీద పెట్టించండి. 24.59 గ్రాములు తూగితే వెండి కలిసింది, 22.68 అయితే కాదు. చిన్న బిళ్ళల్లో తేడా బాగా తక్కువ, వాటికి అంచే సాక్షి.

మామూలువైతే మూడూ కలిపి ముఖవిలువ డాలరూ ముప్పావు. అబ్బాయికి ఆ లెక్క చెప్పండి.

ఆ ప్లాస్టిక్ కవరు మాత్రం ఈ రోజే తీసేయండి. మన డెల్టా చెమ్మకు కొన్ని కవర్లు చెమర్చి, నాణేలకు ఆకుపచ్చటి జిగురు పట్టిస్తాయి. విడివిడిగా కాగితం పొట్లాల్లో కట్టి, మేనమామ పేరు, తెచ్చిన ఏడాది పెన్సిలుతో పొట్లం మీద రాయండి.